చెట్ల మీది పేర్లు

(1948. దేవరకొండ దిక్కు ఒక ఊరు. సంఘానికి భయపడి దొర పట్నం పారిపోతే, ఆయన తోటను ఊరందరికీ తెరిచారు. ఇప్పుడు మిలిటరీని వెంటబెట్టుకుని దొర తిరిగొస్తున్నాడు. తోటలో మాలి జంగయ్య, నాగులమ్మ.)

“గట్ల తిరుక్కుంట పోతవేందక్కా? జల్ది గా చెట్టు మీది పేరు గోకు. పొద్దెక్కుతాంది.”

“జరాగు తమ్మీ. గీ బాట పొంటి ఒక్క సుట్టు తిరగనీ.”

“తిరిగే యాల్లనా గిది? దొర లారీల బయలెల్లిండట.”

“మొన్నటిదాంక ఆయితారమొస్తె ఊరంత గీడనే ఉండె. ముసలోల్లు సుత కట్టె పట్టుకోని తిరిగిన్రు. దొర ఉన్నప్పుడు నీళ్ల కడవతోని తప్ప నేను లోపటికి రాలే. చెప్పులు చేతుల వట్టుకోని వస్తుంటి.”

“ఎరికే. ఇంటికో చెట్టు పంచుకుంటిమి, నీళ్లు వోస్తిమి. గంతవరకు మంచిగనే ఉండె. చెట్ల మీద పేర్లు చెక్కుడెందుకక్కా? ఎవలెవలు సంఘంల ఉన్నరో మనమే రాసిచ్చినట్టాయె.”

“ఎవలనుకున్నరు, గీయన మల్లొస్తడని.”

“అందరు వాళ్లవాళ్ల పేర్లు గోకిన్రు. నీ కొడుకు ఎల్లస్వామిదొక్కటే మిగిలింది, గా సపోట మీద. కత్తి గిటియ్యి, నేను గోకుత.”

“ముట్టకు.”

“అక్కా!”

“ముట్టకంటున్న గద.”

“పిచ్చి లేసిందా? పిలగాడు అడివిల ఉన్నడు. పేరు జూస్తె ఎతికి కాలుస్తరు.”

“గోకిన చెట్లు జూడు. తెల్లగ, పచ్చిగ ఎట్ల కనవడుతున్నయో. దొరకు కండ్లు లెవ్వా? గీడ ఎవల పేర్లుండెనని అడగడా?”

“అడుగుతడు.”

“ఎవల్ని?”

“నన్నే.”

“ఏం జెప్తవు?”

“చెప్పనక్కా.”

“కొడితె?”

“ముందుగాల కత్తియ్యక్కా.”

“కొడితె, తమ్మీ?”

“ఎంతసేపు తట్టుకుంటనో నాకే ఎరికలేదు. భయమైతాంది. అరవై ఇండ్లక్కా, అరవై.”

“గందుకే చెప్తున్న, ఇను. అన్నిటి మీద ఎల్లస్వామి పేరే ఉండెనని చెప్పు. తోట తాళం పలగ్గొట్టింది వాడే, పండ్లు తిన్నది వాడే. పోతపోత వాడే గోకిండు, గిదొక్కటి మర్శిండని చెప్పు.”

“నువ్వు కన్నతల్లివేనా? రేపు వాడు దొరికితె?”

“దొరకడు.”

“ఏం దొరకడు? అడివంత గాలిస్తున్నరు, ఊరూరికి—”

“దొరకడు తమ్మీ. కడుపు కాలిపోతాంది, ఇంతవరకు ఎవ్వలకు చెప్పలే. మొన్న శుక్రారం వాగొడ్డుకు వాని మీద నా చేతులతోనే మన్ను వోసొచ్చిన.”