మా మోటారు కంటే పెద్దది

ఏమిటీ, నన్నడుగుతున్నావా? ఏ మోటారు కొనాలో నేను చెప్పాలా నీకు? బాగుందమ్మా నిగార్! పైనింట్లో మా మోటారు మీ నీళ్లు లాగేస్తోంటే, దాన్ని మించిన మోటారేదో ఈ కొండమ్మే చూసిపెట్టాలి!

ఆ మోటార్ల బొమ్మల కాగితం అవతల పెట్టు. కూర్చుంటాలే. టీ వద్దు, నేను టీ తాగనని తెలుసుగా.

చూడు, నేను చదివింది ఐదో తరగతి. మా తమ్ముడు సాయిబాబులా కంప్యూటర్ల పని రాదు. రెండువేల సంవత్సరం వస్తే ఆ మిషన్లన్నిటికీ మతి తప్పుతుందట. మతి తప్పకుండా చూడ్డానికే వాణ్ణి ఈ దేశానికి పిలిపించారు, జురాంగ్ ఈస్ట్ ఆఫీసువాళ్లు. మనిషికి మతి తప్పితే చూసేవాడు మాత్రం లేడు.

ఈ ఫ్లాటులో దిగిన నాటి నుంచీ మా మరదలు ప్రసన్నలక్ష్మిది ఒకటే గోల. "వదినా, షవర్ తిప్పితే నీళ్లు ఏడుస్తున్నట్టు వస్తున్నాయి, తలెలా రుద్దుకోను?" అని. మాది చిట్టచివరి అంతస్తు, ట్యాంకు సరిగ్గా మా నెత్తిమీదే ఉంది, అంత దగ్గర్నించి దిగే నీళ్లకు వేగమెక్కడిది? బకెట్లో పట్టుకుని పోసుకోమన్నాను. నేను చెయ్యడం లేదా? "మీరు ఋషులు వదినా" అంది. వెటకారం!

తునిలో మా వీధి సంగతి నీకు తెలీదు. పొద్దున మున్సిపాలిటీ కుళాయి వచ్చేది. మొదట ఒకరు దానికి మోటారు బిగించారు. పక్కింటి కుళాయి బుస్సుమంది. వాళ్లు ఇంకా పెద్దది బిగించారు. చివరికి వీధంతా మోటార్లే, అది కొనలేనివాళ్ల కుళాయిలో ఉత్త గాలి. మా ఇంట్లో మాత్రం నేను పెట్టనివ్వలేదు. వీధి చివర బోరింగు కొట్టి మోసుకొచ్చాను కానీ, పక్కవాళ్ల నీళ్లు లాక్కోలేదు. ఆ నీళ్లు తాగే పెరిగాడమ్మా సాయిబాబు. ఏం లాభం?

సెరంగూన్‌లో మోటార్ల షాపుకు నన్నూ తీసుకెళ్లారు. షాపు తమిళాయన మంచివాడే. "ముందు చిన్న ట్యాంకు పెట్టుకోండి, మోటారు దాంట్లోంచి లాగాలి. తిన్నగా పైపుకు బిగిస్తే కింద ఇళ్లకు కష్టం" అన్నాడు. మావాడు నవ్వాడు. "మా ఊళ్లో అందరం పైపుకే బిగిస్తామండీ" అన్నాడు! సముద్రం దాటొచ్చినా ఆ బుద్ధిని పెట్టెలో సర్దుకొచ్చాడు. నేనేం చేశాను? అన్నిట్లోకీ చిన్నది చూపించి, ఇది చాలన్నాను. మోటారు చిన్నదైతే పాపం కూడా చిన్నదే అవుతుందనుకున్నానేమో!

తర్వాత నువ్వు లిఫ్టు దగ్గర ఆపి చెప్పావు. మీ ఆయన బషీర్ పొద్దున వజూకని కాళ్లూ చేతులూ కడుక్కుంటుంటే మధ్యలో కుళాయి ఆగిపోతోందని. నా తల కొట్టేసినట్టయింది. నమాజుకు వెళ్లాల్సిన మనిషి తడి చేతులు చాచుకుని కుళాయి ముందు నిలబడ్డాడా! దేనికి? మా మరదలి జుట్టుకా?

అప్పుడే వెళ్లి అడిగాను. ఆ మోటారు పీకెయ్యరా అన్నాను. "అక్కా, ఇది తుని కాదు, ఇక్కడ రాత్రీ పగలూ నీళ్లొస్తాయి. ఇబ్బందైతే వాళ్లూ ఒకటి పెట్టుకుంటారులే" అన్నాడు. పెట్టుకుంటారట! విన్నావా? వాడన్నట్టే నువ్వూ కాగితం పట్టుకుని కూర్చున్నావు.

ఎందుకలా చూస్తావు? అవును, తీయిస్తానని నీకు మాటిచ్చాను. తీయించలేదు.

ప్రయత్నం చెయ్యలేదనుకోకు. "మోటారు తీసేదాకా మీ ఇంట్లో మెతుకు ముట్టను" అని వాళ్లిద్దరితో అన్నాను. ఉపవాసాలు నాకు కొత్తా? బతిమాలతారనుకున్నాను. "వంట గిన్నెల్లో ఉంది వదినా, తినాలనిపిస్తే తినండి" అని తలుపు వేసుకుని ఆఫీసుకు పోయింది మహాతల్లి. వాడూ బ్యాగు తగిలించుకుని వెనకే పోయాడు.

మర్నాడు సాయంత్రం గిన్నె మూత తీశాను. పప్పు, వంకాయ కూర. నిలబడే తిన్నాను, కంచం కూడా పెట్టుకోకుండా. వాడొచ్చి గిన్నె చూశాడు. నవ్వినా బాగుండేది. స్నానానికి వెళ్లి మోటారు వేసుకున్నాడు.

ఇంక ఆ ఇంట్లో నా మాటకు విలువెంతో నువ్వే చెప్పు.

సరే, ఇటివ్వు కాగితం. మాది పావు హార్స్ పవర్. ఇదుగో, ఈ అర హార్స్ పవర్‌ది తీసుకో. మాదాన్ని మించి లాగుతుంది. ట్యాంకు పెట్టుకోమంటే చోటు లేదంటావు. అంటావులే, అందరూ అనేదే. నాలుగు రోజులు మీకు నీళ్లు బాగానే వస్తాయి. ఆ తర్వాత మావాడు ఇంకా పెద్దది తెస్తాడు.

ఇంకొకటి. మీ కింద ఇంట్లో చైనా ముసలావిడ ఒక్కతే ఉంటుంది కదా? రేపు నీళ్లెందుకు తగ్గాయో ఆవిడకు నువ్వే చెప్పుకో. నాకా భాష రాదు.

రాకపోవడమే నయం.