బొంగు చికెన్ పొగ

పట్నంలో బొగ్గు దుమ్ముకి ఊపిరాడని కూతుర్ని అరకులో అన్న ఫల్గుణ దగ్గర ఉంచుదామని తెచ్చింది సోని. అతను రోడ్డు పక్క బొంగు చికెన్ కాలుస్తున్నాడు.

"వచ్చిన కాడ్నించి గుంట దగ్గలేదన్నా."

"కొండగాలి మరి. ఇక్కడే బళ్లో ఏసెయ్."

"మంటలో ఏటేత్తన్నావు?"

"టూరిస్టులు తిని పారేసిన ప్లాస్టిక్ పళ్లేలు. బేగి అంటుకుంటాయి."

"రోజూనా?"

"అన్ని కొట్లోళ్లూ ఇదే సేత్తారు. ఎండుకర్రలతో కూకుంటే పట్నపోళ్లు ఆగుతారేటి?"

ఆ నల్లపొగ కంపుకి సోని ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుంది.

"నీ గుంటడికి దగ్గు రాదా?"

"వత్తాది. మంచుకి కొండ మీద అందరికీ ఉన్నదే."

"అది మంచు దగ్గు కాదన్నా. నా కూతురి దగ్గే."

ఫల్గుణ నవ్వి ఇంకో పళ్లెం మంటలోకి విసిరాడు. సోని కూతురి సంచీ భుజానికేసుకుంది.

"పట్నంలో ఎవుడి మొహాన ఉమ్మాలో నాకు తెలీలేదు. ఇక్కడ తెలిసింది."