వీరరాఘవమ్మ హోంవర్క్

వెల్దుర్తిలో డాబా మీద, ఫోను పట్టుకుని వీరరాఘవమ్మ. విజయవాడలో కంప్యూటరు ముందు కౌన్సిలర్ వందన. మధ్యాహ్నం వేళ, వీడియో కాల్.

"…అన్నీ చేశానమ్మాయ్. ఒక్కటి కూడా వదల్లా."

"చాలా సంతోషమండీ. కిందటిసారి చెప్పినవన్నీనా?"

"అన్నీ. నీ సెషన్లు నా అంత బాగా ఎవరూ వాడుకుని ఉండరు. గుణం కూడా చానా కనపడతంది."

"అయితే నిద్ర పడుతోందన్నమాట!"

"నాకెక్కడ? వాడికి పట్టటంలా."

"ఎవరికండీ?"

"ఇంకెవరికి? మస్తాన్‌రావుకి. మా మరిదికి."

"ఒక్క నిమిషం. మీవారు పోయాక మీరు నిద్రపోవడం లేదనే కదా, మీ అమ్మాయి నీరజ నాతో మాట్లాడించింది? నేను చెప్పినవి మీ నిద్ర కోసం."

"నువ్వు చెప్పినయ్యే చేశా. కాకపోతే తిరగేసి చేశా."

"తిరగేసి అంటే?"

"ఆయన్ని గుర్తుచేసే వస్తువులు కళ్లెదురుగా పెట్టుకోవద్దన్నావా, లేదా?"

"పడుకునే గదిలో వద్దన్నాను."

"తీసేశాగా. ఆయన బండి తీసకపోయి మస్తాన్‌రావు కిటికీ కింద పెట్టా. దండేసిన ఫొటో వాళ్ల హాల్లో తగిలించొచ్చా. నీ అన్నేగా, ఉండనియ్ అన్నా. కాదంటే నలుగురూ ఏమనుకుంటారో అని వాడు నోరెత్తలా."

"వీరరాఘవమ్మ గారూ—"

"రోజూ ఒకే టైముకి ఏదో ఒక పని పెట్టుకోమన్నావు. పొద్దున్నే వాడు లేవకముందే పోయి ఆ బండి స్టార్ట్ చేస్తన్నా. బ్యాటరీ దిగిపోద్దిగా మరి! ఆ చప్పుడింటే మా ఆయన చేలోంచి వచ్చినట్టే ఉంటది."

"అమ్మా, నేను చెప్పింది ఇది కాదు."

"ఊపిరి పీల్చి వదలమన్నావు చూడు, అది భలే పనిచేసింది. వాడి గోడ పక్కన నిలబడి చేస్తన్నా. ఆయన ఆఖర్న ఎగశ్వాస ఎట్టా తీశాడో అట్టా."

"ఆపండి, దయచేసి. ఒక మనిషిని ఇలా హింసపెట్టి—"

"హింసా? ఏంది తల్లీ నువ్వు నాకు చెప్పేది! గుండె పట్టుకుని ఆయన మంచం మీద దొర్లుతుంటే వాడి వాకిట్లోకి పరిగెత్తా. కారియ్యరా అన్నా. వినుకొండ పోయింది వదినా అన్నాడు. అంబులెన్సు వచ్చేసరికి అంతా అయిపోయింది. మధ్యాహ్నానికి అదే కారు రేకుల షెడ్డులోంచి తీసి, చుట్టాల్ని ఎక్కించుకు రావటానికి పోయాడు. ఈ కళ్లతో చూశా."

"ఎందుకివ్వలేదు?"

"అన్నదమ్ములకి పొలం గట్టు తగాదా. మాటల్లేవు."

"ఇదంతా నాకెప్పుడూ చెప్పలేదే మీరు?"

"నువ్వు నిద్ర గురించి అడిగావు. కారు గురించి అడగలా."

"ఊళ్లో వాళ్లకైనా చెప్పారా?"

"నమ్మేదెవరు? పెద్దకర్మ నాడు భోజనాల బంతిలో కూర్చుని అందరూ వినేట్టు వాడే అన్నాడుగా. 'వదిన నాన్చింది గానీ, లేకపోతే అన్న దక్కేవాడు' అని. ఆ రోజు నుంచీ నేను పోతే ఆడోళ్లు మాటలాపేస్తన్నారు. మొగుణ్ణి చంపుకున్నదాన్నంట! ఆ బంతిలో తిన్నోళ్లందరి ముందూ వాడే ఆ మాట మింగాల. కారు ఇంట్లోనే పెట్టుకుని ఇయ్యలేదని చెప్పాల. నాకు కావాల్సింది అదొక్కటే. నిద్రాగిద్రా తర్వాత."

"ఇప్పుడాయన ఎలా ఉన్నాడు?"

"గడ్డం పెరిగింది. కూడు సయించటంలా. నిన్న సాయంత్రం మా వాకిట్లోకొచ్చి నిలబడ్డాడు. 'వదినా, నీకెవరో డాక్టరమ్మ ఫోన్లో చూస్తందంటగా, ఆమె నంబరియ్యి' అన్నాడు."

"ఇచ్చారా?"

"నా దగ్గర లేదు, నీరజ దగ్గరుంది అన్నా."

"ఫోన్ మీ చేతిలోనే ఉంది కదండీ."

"కారూ షెడ్డులోనే ఉందిగా."

"…ఇంకేమన్నాడు? గుర్తు తెచ్చుకుని చెప్పండి."

"ఏదో అన్నాళ్లే."

"ఏమన్నాడమ్మా?"

"పోతా పోతా… బతకబుద్ధి కావటంలా వదినా అన్నాడు."

"ఆయనకి తోడెవరున్నారు?"

"ఎవరున్నారు? పెళ్లాం అలిగి పుట్టింటికి పోయింది."

"వెంటనే ఆయనతో నన్ను మాట్లాడించండి. ప్రాణం మీదికొచ్చిందండీ, ఆలస్యం చెయ్యకండి."

"ఆ పొద్దు వాడి వాకిట్లో నిలబడి నేనన్నదీ అదే మాట."

"మీరు ఎటు చూస్తున్నారు?"

"డాబా మీద నుంచి వాడిల్లు కనపడద్ది. తలుపేసే ఉంది. పొద్దుట్నుంచీ తియ్యలా."

"అమ్మా!"

"అరవమాక. దిగతన్నా… దిగతన్నాలే. ఫోను పెట్టెయ్యమాక."

"పెట్టను. మీరు వెళ్లండి. పక్కింటి వాళ్లని కూడా కేకెయ్యండి."

"సుభానీ! ఒరేయ్ సుభానీ, ఇట్టా రా! నా ఎనకాల రా!… ఒరేయ్ మస్తాన్! తలుపు తియ్యరా. నేనే, వదిన్ని. తియ్యమంటంటే!… సుభానీ, భుజమెయ్యరా!"

"ఏమైంది? వినిపిస్తోందా? ఏమైందండీ?"

"…తీశాడు. తీశాళ్లే."

"బాగానే ఉన్నాడా?"

"నిలబడ్డాడు. ఒరేయ్, ఇట్టా కూర్చో. నా మొహం చూడమాక, ఈ ఫోను చూడు. అమ్మాయ్, ఇదిగో, మస్తాన్‌రావు. ఏం చేస్తావో ఏమో, వీణ్ణి మాత్రం చావనియ్యమాక. వీడు పోతే ఆ పొద్దు కారు షెడ్డులోనే ఉందని చెప్పేవాడు ఇంకొకడు లేడు."