పాచి పట్టని తొట్టి

1974 జూన్ 17న మా జలశుద్ధి కేంద్రంలో పంపు ఆపరేటరుగా అడుగుపెట్టిన శ్రీ బాలస్వామి గారు, ముప్పై రెండేళ్ళ నిష్కళంక సేవానంతరం సీనియర్ టెక్నీషియన్‌గా ఈ నెల పదవీ విరమణ చేస్తున్నారు. పొన్నూరు బావుల మొదలు పొదిలి బోర్ల దాకా వారు నమూనా పట్టని నీరు లేదంటే అతిశయోక్తి కాదు. ఏ తొట్టి దగ్గరకు వెళ్ళినా, మీటరు తీయకముందే గోడ లోపలి అంచును బొటనవేలితో రుద్ది చూడటం వారి అలవాటు. 1998లో రసాయన విభాగంలో చేరిన నేను అది చూసి చాటుగా నవ్వుకున్నదాన్నే.

2004 వేసవిలో నూలు అద్దకపు యూనిట్ల ఉప్పునీటిని వడకట్టే పాలిమర్ పొరలు జిగురు పాచితో పూడిపోతుంటే, వాటిలో పాచిని చంపే, కంటికానని వెండి రేణువులు కలిపాను. పొరలు శుభ్రంగా నిలిచాయి, ఉప్పూ దాదాపు పోయింది. ఆ నీటిని పక్క ఊరి పశువులకు వదిలే రోజు నిర్ణయమైంది. నా కాళ్ళు నేల మీద ఆనలేదు.

ఆ ఉదయం బాలస్వామి గారు వాల్వు తాళం ఇవ్వలేదు.

"ఒక్కసారి ఇట్రండి మేడమ్," అంటూ నిల్వ తొట్టి దగ్గరకు తీసుకెళ్ళారు. "ఈ నీళ్ళు నింపి నలభై రోజులైంది. పాచి లేదు, దోమపిల్ల లేదు. గోడ ముట్టుకోండి, కొత్తగా కట్టినట్టే గరుగ్గా ఉంది."

"ఉప్పు లేదు కదండీ!"

"ఉప్పు లేదు, నిజమే. మరేముంది? నిన్న మురుక్కాలవలోంచి నాలుగు చేపపిల్లల్ని తెచ్చి వదిలా. చూడండి."

అద్దంలాంటి నీటి అడుగున అవి నాలుగూ తెల్లగా పడి ఉన్నాయి. పక్కన మురుక్కాలవ మీద తూనీగలు ముసురుతున్నాయి, మా తొట్టి మీదికి ఒక్కటీ రాలేదు. నేను ఆ నీటిని సీసాలో పట్టుకుని ప్రయోగశాలకు నడిచాను.

నా వెండి రేణువులే పొర నుంచి ఊడి నీటిలోకి వస్తున్నాయని పరీక్షలో తేలింది. ఉప్పు ఒక్కటే కొలిచి ఊరుకున్న తప్పు ముమ్మాటికీ నాది. వారు మాత్రం రికార్డులో "పొర మార్చవలెను" అని రాసి, ఎవరి దగ్గరా నా పేరెత్తలేదు. రేణువులు ఊడని కొత్త పొర బిగించిన పదిహేనో రోజున, తొట్టి గోడ రుద్ది, పాచితో పచ్చబడిన బొటనవేలు చూపించి, "బతికాం మేడమ్!" అన్నారు. నాకు ఏడుపొచ్చింది.

ఇప్పుడు ఏ తొట్టి దగ్గరకు వెళ్ళినా నా బొటనవేలు ముందు గోడ మీదికే పోతుంది. సతీమణి శ్రీమతి రెబ్కా గారితో కలిసి బాలస్వామి గారు ఆయురారోగ్యాలతో వర్ధిల్లాలని, వారి ఇంటి తొట్టికి ఏటేటా పచ్చగా పాచి పట్టాలని, దాన్ని రుద్ది కడిగే సత్తువ వారి చేతులకు నూరేళ్ళూ ఉండాలని మనసారా కోరుకుంటున్నాను.

— ఉజ్మా, రసాయన విభాగం