మద్దిలేటి బండి, ఈరన్న సుట్టు

మద్దిలేటి అని, సుంకులమ్మకు ఒక్కడే కొడుకు. వాళ్ళ నాయన నాపరాళ్ళ గనిలో బండ కింద పడి పోయినప్పుడు వీడు సంకలో బిడ్డ అంట. ఆయమ్మ అదే గనిలో రాళ్ళు మోసి మోసి వాన్ని పెంచింది. ఇప్పుడు సూడండి ఆయమ్మను, నడినెత్తిన జుట్టుండదు, రాయి ఆనిన సోటు అది. వాడు పెద్దోడైనాడు, రాళ్ళకు పాలీసు పట్టే మిషను పెట్టుకున్నాడు, నాలుగు డబ్బులు సేతిలో ఆడినాయి అనుకో. అప్పుడు ఏం సేసినాడంటే, ఇల్లు కట్టలా, సేను కొనలా, బెంగుళూరికి పోయి ఒక మోటరుసైకిలు తెచ్చినాడు. దాని పేరు నాకు నోరు తిరగదు, అడగాకండి. నల్లది. దున్నపోతు బురదలో పండుకున్నట్టు పొడుగ్గా, నేలకు ఆనుకోని ఉంటాది. ఎనక టైరు సూస్తే కారుది తెచ్చి తగిలించినారేమో అనుకుంటావు. సీటు మాత్రం ఒక్కటే, గుంత మాదిరి, ఒక్క మనిషికే. సుంకులమ్మ దాని సుట్టూ తిరిగి సూసి, ఏంరా, నన్ను సంతకు యాడ కూచోబెట్టుకోని పోతావురా అంటే, ఇది అట్లాంటి బండి గాదుమా, దీన్ని ఒక్కడే తోలాల అన్నాడంట. తాళం చెవి కూడా బండికి పెట్టే పని లేదు. నల్లగా అగ్గిపెట్టంత ఒకటి ఉంటాది, దాన్ని జేబులో ఏసుకోని దగ్గరికి పోతే సాలు, దొర వచ్చినాడని బండికే తెలుస్తాదంట. అది జేబులో ల్యాకపోతే నువ్వు ఎంత గింజుకున్నా ఆ బండి లేవదు. ఇది గుర్తు పెట్టుకోండి, మళ్ళీ వస్తాది ఈ మాట.

ఇంగ ఈరన్న సంగతి సెప్పాల. మీకందరికీ తెలిసిందేలే, ఈ రాసుకునే సారుకు తెలీదు గదా. సారూ, మా ఊరు దాటి కనుమ ఎక్కేకాడ ఒక రాయి ఉంటాది. దాని మీద గుర్రమెక్కిన మనిషి, సేతిలో ఈటె. ఆయన తల గుర్రం తల కంటే శానా పైకుంటాది, అంత ఎత్తు మనిషి. ఆయనే ఈరన్న. ఎనకటికి మా ఊరి గొడ్లను దొంగలు తోలుకపోతాంటే, ఈయన గుర్రమెక్కి కనుమలో ఎంటబడినాడంట. మలుపు కాడ గుర్రాన్ని తిప్పలేకపోయినాడు. అది నేరుగా పోయి కొన మీద నుంచి దూకేసింది. ఇద్దరూ లోయలో పడినారు. అప్పట్నుంచి దాన్ని గుర్రం దూకిన కొన అంటారు. ఆయనకు అదొక్కటే కొరత అనుకో, ఆ పొద్దు తిప్పలేకపోయినానే అని. అందుకని మా ఊర్లో ఎవురు కొత్త బండి తెచ్చినా మొదటి సుట్టు ఈరన్నది. రాయి కాడ బండి నిలబెట్టాల, తాళం దానికే ఉంచాల, ఎనక్కి తిరిగి సూడకుండా మోరీ దాకా, అదే రోడ్డు కింద నీళ్ళు పోయే కల్వర్టు దాకా, నడిసి రావాల. ఒక బీడీ కాలేంతసేపు ఆడ కూచోవాల. ఆయన ఎక్కి కొన దాకా పోయి, ఈసారి తిప్పుకోని వస్తాడు. ఎద్దులబండైతే పగ్గాలు కాడి మీద ఏసి వచ్చేవాళ్ళు. సైకిలైతే బీగం తీసి వచ్చేవాళ్ళు. మా నాయన ట్రాక్టరు తెచ్చినప్పుడు తిరిగి పోయి సూస్తే సీటు వెచ్చగుండ్య అనేవాడు. ఎండకు ఏ సీటైనా వెచ్చగుంటాది గదా నాయనా అంటే, ఆ పొద్దు ముసురు పట్టిందిరా అనేవాడు.

మద్దిలేటి కూడా పోయినాడు. వాళ్ళమ్మ కొబ్బరికాయ ఇచ్చి పంపిచ్చింది. పోయినాడు, నిలబెట్టినాడు, మోరీ దాకా వచ్చినాడు, బీడీ తాగినాడు, మళ్ళీ పోయి బండి తోలుకోని ఇంటికి వచ్చినాడు. తాళం ఈరన్నకే ఇడిసినావా నాయనా అని అడిగిందంట ఆయమ్మ. ఇడిసినానుమా అన్నాడంట. అంతే, ఆ మాట ఆడికి అయిపోయింది.

ఇంగ సూడు, ఊర్లో వాడు యాడ నిలబడినా సుట్టూ జనమే. ఎట్లుందిరా బండి, ఎట్లుందిరా బండి. వాడు పెండ్లికూతుర్ని సూసొచ్చినోని మాదిరి మురిసిపోతా సెప్తాండ్య. కుడిపక్క తొడ కాల్తాదన్నా, ఇంజను అంత పెద్దది మరి. గుంతలో పడితే నడుము జల్లుమంటాది. మన ఊరి స్పీడు బ్రేకర్ల మీద పొట్ట గీసుకుంటాది. కానీ పిడి కొంచిం తిప్పితే సాలన్నా, ఎవురో ఎనక నుంచి ఎత్తి ఇసిరినట్టు పోతాది. నాకు చేతులు నొయ్యవు, ఎవురో నా చేతుల మీద చేతులేసి పట్టుకున్నట్టుంటాది. సీటు గురించైతే ఏం సెప్పాలన్నా, చిన్నప్పుడు మా తాత ఒళ్ళో కూచున్నట్టుంటాది, ఈపుకు ఆనుకోని, మెత్తగా, అదిమి పట్టుకున్నట్టు. ఇట్ల సెప్తాండ్య వాడు, టీ అంగడి కాడ, నేను ఇన్నా ఈ చెవులతో. నాకు అప్పుడే ఒళ్ళు ఒక రకంగా అయింది. ఎందుకంటే వాడు ఆ మాట సెప్తాంటే పక్కనే బండి నిలబెట్టిండాడు, దాని మీద ఎవురూ లేరు, అయినా ఎనక చక్రం మనిషి కూచున్నట్టు అణిగి ఉండాది. ఒరేయ్, గాలి తక్కువుందేమో సూడురా అంటే, సూపిచ్చినా మామా, సరిగ్గానే ఉందంట అన్నాడు.

అట్ల జరుగుతాంటే ఏమైందంటే, ఒక మధ్యాన్నం వాడు కనుమెక్కి పోతాండాడు. ఎండ నిలువుగా కొడ్తాంది. కొన కాడ మలుపు. వాడు బండిని వంచినాడు, బండి వంగలా. ఎంత బలంగా తిప్పినా హేండిలు తిరగలా, నేరుగా పోతాంది. రెండు బ్రేకులూ తొక్కిపట్టి, జారుకుంటా పోయి, గట్టు రాయికి ముందర చక్రం తగిలి నిలబడింది. రాయి అవతల ఏముండాదో మీకు తెలుసు. ఇంటికొచ్చి ఏమన్నాడంటే, ఎనక టైరు లావుమా, ఇట్లాంటి బండ్లు మలుపులో తిరగనంటాయి, అలవాటు కావాల అన్నాడంట. ఇంగో నాడు మళ్ళీ అట్లనే అయింది, ఈసారి గట్టు రాయి కదిలింది. వాడు అది ఎవురికీ సెప్పలా. అద్దాలు అదుర్తాండాయని, ఎనక ఏమొస్తాందో కనపడదని, అది కూడా ఎవురికీ సెప్పలా. బండిలో తప్పుందని నలుగురూ అంటే వాని మనసు తట్టుకోలేదు. అంత పిచ్చి వానికి దాని మీద.

ఇంతలో మా ఊర్లో ఈరన్న పరస, అదే జాతర, వచ్చింది. గణాచారి మా తిప్పమ్మే. ఈరన్న ఒంటి మీదికొచ్చేది ఆయమ్మకే. ముసిలిది, మోటరుసైకిలు ఎక్కడం మాట అట్లుంచు, దగ్గరికొస్తే పక్కకు జరిగే మనిషి. తప్పెట్లు కొట్టినారు, ఆయమ్మకు దేవుడు వచ్చినాడు. ఏడాదేడాదీ ఏం సెప్తాడు, వానలు సెప్తాడు, గొడ్ల జబ్బులు సెప్తాడు. ఆ పొద్దు వానల ఊసే లేదు. ఆయమ్మ నేల మీద కాళ్ళు ముందుకు సాపుకోని, రెండు చేతులూ ముందుకు పెట్టి కూచుండె. గొంతు ఆయమ్మది గాదు, గనిలో అడుగు నుంచి వచ్చినట్టుండాది. అప్పుడు అన్నాది, "బండి మేలుజాతిది. కదిలితే కడుపులో పేగులు కదుల్తాండాయి. కుడి తొడ కాల్తాంది. గుంతల్లో నడుము పోతాంది. అద్దాలు రెండూ అదుర్తాండాయి, ఎనకొచ్చేది కనపడలా." జనం ఒకరి మొగం ఒకరు సూసుకున్నారు. ఇద్దరు ముగ్గురు నవ్వినారు గూడా. పూజారి చేతులు కట్టుకోని, ఎవురి బండి సామీ అని అడిగినాడు. "నా ఒళ్ళో కూచుంటాండాడే, వాంది."

తప్పెట్లు నిలిసిపోయినాయి. నిలపమని ఎవురూ అనలా, వాటంతట అవే నిలిసిపోయినాయి. నేను మద్దిలేటి పక్కనే ఉండా. వాని మొగంలో నెత్తురు చుక్క లేదు. ఎందుకంటే అద్దాల సంగతి వాడు ఎవురికీ సెప్పలా గదా. తిప్పమ్మ మళ్ళా అన్నాది, నా సుట్టు నాకియ్యలా, ఎక్కి కూచున్నోన్ని కూచున్నట్టే ఉండా అన్నాది. వాడు ఒళ్ళో ఉంటే తిప్పేదానికి నాకు సందు లేదు, కొన కాడ సెప్పి సూసినా, దిగలా అన్నాది. ఆఖరికి, "ఇంగ నిలపను. ఈసారి వాడున్నా సరే పోతా," అని ఎనక్కి పడిపోయింది. నీళ్ళు సల్లి లేపినాక, ఏమైందిరా, వానలు సెప్పినాడా అని అడిగింది పాపం. ఆయమ్మకు ఏం గుర్తు లేదు.

సుంకులమ్మ కొడుకు కాడికి వచ్చింది. తిట్టలా, కొట్టలా. "ఆ పొద్దు తాళం యాడ పెట్టినావురా?" అని అడిగింది.

"జేబులోనే ఉండ్యమా," అన్నాడు వాడు. "లారీలు తిరుగుతాంటాయి గదమ్మా కనుమలో. ఎవురన్నా ఎత్తుకపోతారని."

ఆయమ్మ ఉన్న సోటే కూలబడింది. మొగున్ని రాయి కింద పోగొట్టుకున్న మనిషి అది, ఉండేది ఈ ఒక్క పిలగాడు. ఆ మొగం సూస్తే నాకు కండ్లలో నీళ్ళొచ్చినాయి, ఉన్నమాట సెప్తాండా. ఆయమ్మ లేసి, పదరా ఇప్పుడే పోదాం అన్నాది. వాడు బండెక్కేదానికి బయపడినాడు. లారీలో ఏసుకోని పోదాం అన్నాడు. దేవున్ని లారీలో రాళ్ళ మాదిరి ఏస్తావా అన్నాది ఆయమ్మ. ఇంగ తోసుకోని పోవల్సిందే. ఊర్లో మొగోళ్ళం పదిమందిమి చేతులేసినాం, నేనూ వేసినాలే. బరువైన బండే, కాదనను. కానీ బండి బరువు వేరు, మనిషెక్కిన బండి బరువు వేరు. అది గనిలో బండి తోసినోనికి సెప్పనక్కర్లేదు. ఎనక నుంచి తోస్తాంటే నా చెయ్యి సీటు పైన ఒకసారి గాలిలోకి పోయింది. ఆడ గాలి లేదు. ఏముండాదంటే నేను సెప్పలేను. చెయ్యి గమ్మున కిందికి తీసుకున్నా. ఎవురితోనూ అనలా, మిగతావాళ్ళు బండి ఇడిసిపెట్టి పారిపోతారని.

రాయి కాడ నిలబెట్టినాం. మద్దిలేటి ఆ అగ్గిపెట్టె తాళం జేబులోంచి తీసి బండి ట్యాంకు మీద పెట్టినాడు. తప్పు సేసినా సామీ అన్నాడు. అందరమూ ఊరిపక్క తిరిగి నడుస్తాండాం. కొంచిం దూరం వచ్చినామో లేదో, ఎనక బండి లేసింది. డుగ్గుడుగ్గుడుగ్గు. నిట్టమధ్యాన్నం, ఎండలో, మేం పదిమందిమీ ఇన్నాం. మా నాయన కాలంలో గూడా ఎవురూ చప్పుడు ఇనలా, ఇది మేమే ఇన్నాం. చప్పుడు కనుమెక్కతా పోయింది. మలుపు మలుపుకూ సన్నమైతా పోయింది. కొన కాడికి పోయిందనుకున్నాం. ఆడ నిలిసిపోయింది.

ఇంగ ఏమీ లేదు. ఒక పిట్ట అరుపు గూడా లేదు. మోరీ మీద కూచున్నాం, బీడీ ముట్టించినోళ్ళ బీడీలు చేతుల్లోనే ఆరిపోయినాయి. మద్దిలేటి మోరీ మీద నుంచి లేసినాడు. దూకేసింటాదిమా, బండి పోయింటాదిమా, ఒక్కసారి సూస్తానుమా అని ఏడుస్తా మెడ తిప్పబోయినాడు. సుంకులమ్మ వాని మొగాన్ని రెండు చేతుల్లో పట్టుకుంది. "బండి పోతే పోనీలేరా. నువ్వు దాని మీద లేవు, నా కాడ ఉండావు. ఆ బుద్ధి ఉండనీ," అన్నాది. ఎంతసేపున్నామో. అట్ల ఉంటే ఉంటే, మళ్ళా సన్నగా డుగ్గుడుగ్గు అని ఇనపడింది. ఈపక్కకే వస్తాంది. నిదానంగా వస్తాంది సూడు, పని అయిపోయిన మనిషి ఇంటికొచ్చినట్టు. రాయి కాడికి వచ్చి ఆగిపోయింది.

పోయి సూసినాం. బండి ఊరిపక్కకు తిరిగి నిలబడుండాది. మేం పెట్టింది కనుమ పక్కకు. ఎనక చక్రం అణిగిలేదు, తేలిగ్గా నిలబడుండాది. తాళం ట్యాంకు మీదనే ఉండాది, కదల్లా. అద్దాలు మాత్రం రెండూ పైకి తిప్పిండాయి. ఎంత పైకంటే, మాలో ఎంత పొడుగోడు కూచున్నా మొగం కనపడదు. నేను రాయి వంక సూసినా, ఆయన తల వంక. మళ్ళీ సూడలా.

ఎక్కురా, ఇంగ నీదే అన్నారు అందరూ. మద్దిలేటి ఎక్కినాడు. లేపినాడు. కొంచిం దూరం పోయినాడు, అటూ ఇటూ ఊగినాడు, రెండు కాళ్ళూ నేలకు ఆనించి నిలబెట్టేసినాడు. ఏంరా, ఎట్లుందిరా అని అడిగింది వాళ్ళమ్మ. వాడు సీటు వంక సూసుకున్నాడు, ఎనక్కి జరిగినాడు, ముందుకు జరిగినాడు. "సీటు శానా పెద్దదైపోయిందిమా," అన్నాడు.

అదీ సంగతి. ఇప్పటికీ ఆ బండి వాని కాడనే ఉండాది. తోల్తాడు, తోలక ఏం సేస్తాడు, అంత పెట్టి కొన్నాక. ఎద్దులబండి కంటే నిదానంగా తోల్తాడు, మలుపొస్తే రెండు కాళ్ళూ కిందికి ఏలాడేస్తాడు. ఎట్లుందిరా బండి అని ఎవురన్నా అడిగితే, బాగుందన్నా, కానీ పట్టుకునేవాళ్ళు ఎవురూ లేరు అంటాడు. ఆ అద్దాలు మాత్రం ఇంతవరకూ కిందికి దించలా. ఎందుకురా అంటే, మళ్ళా ఎప్పుడన్నా ఆయనకు సుట్టు కావాలనిపిస్తే అంటాడు. వానికి అద్దంలో మబ్బులు తప్ప ఏం కనపడవు. ఎనక రాళ్ళ లారీలోళ్ళు హారను కొట్టి కొట్టి సస్తాండారు. వాడు పక్కకు జరగడు. ఎనక ఆ ఈరన్నే వస్తాండాడనుకోని, తల వంచుకోని పోతాంటాడు.