ముక్కు మూసే మాస్కు

నౌమియా రేవు దాటిన మర్నాడు పొద్దున, విహార ఓడ పైఅంతస్తులో ఈతకొలను కాపలా కాసే సకియుసా ఓ పెద్దావిడను గట్టు దగ్గరే ఆపాడు. ఆవిడ కళ్లూ ముక్కూ కప్పే అద్దాల మాస్కుతో మెట్లు దిగుతోంది.

“అది తీసెయ్యండి మేడమ్. ఈత కళ్లజోడైతే పర్లేదు, ముక్కు మూసేది కుదరదు.”

“రేపు ఓడ ఆగే దీవి దగ్గర సముద్రంలోకి దీంతోనే దిగాలి బాబూ. నీళ్లంటే నాకు దడ. ఇక్కడ కాస్త అలవాటు చేసుకోనీ.”

“అక్కడ మీ ఇష్టం. ఇక్కడ రూలు రూలే.”

“నడుములోతు నీళ్లు. మధ్యలో నీకేం నొప్పి?”

“నాకే నొప్పి. మాస్కు పెట్టుకుని బోర్లా తేలే మనిషి కిందికి చూస్తున్నాడో, ప్రాణమే పోయిందో గట్టుమీద వాడికెలా తెలుస్తుంది? చెప్తే మీకర్థం కాదు.”

ఆవిడ మాస్కు తీసింది, కానీ అతను చాచిన చేతికివ్వలేదు.

“అర్థమవుతుంది. ఇది మా ఆయనది. పోయినేడు ఆ దీవి దగ్గరే అలా తేలుతూ కనబడ్డాడు. చేపల్ని ఎంత హాయిగా చూస్తున్నాడో అనుకుని ఒడ్డు నుంచి ఫోటో తీశాను.”

సకియుసా చాచిన చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

“రేపు నేను దిగితే ఒడ్డున ఎవరైనా ఉండాలి. ఫోటో తీసేవాళ్లు కాదు, పేరు పెట్టి పిలిచేవాళ్లు.”

“మీ పేరేంటమ్మా?” అన్నాడు సకియుసా.