మేకప్ గది ఫ్రిజ్‌లో పెట్టిన సీసా

నా పేరు పెనుమాక అమ్మాజీ. వయసు నలభై ఏడు. సినిమాల్లో తల్లి వేషాలు, వంటమనిషి వేషాలు వేస్తాను. సొంతూరు రేపల్లె. రహమత్ నగర్‌లో అద్దెకు ఉంటున్నాను. నన్ను ఎవరూ పిలిపించలేదు. ఈ రోజు, 1993 ఆగస్టు 12న, నా అంతట నేనే స్టేషనుకు వచ్చి చెబుతున్నాను.

కొన్నాళ్లుగా నాకు ఒంటేలు డికాషన్ రంగులో వస్తోంది. నొప్పి లేదు. మూత్రసంచిలో కేన్సరేమో చూడాలని డాక్టరుగారు మూత్రం పరీక్షకు రాశారు. చల్లగా ఉంచి, పట్టిన రోజే ల్యాబులో ఇవ్వమన్నారు. నిన్న ఫిల్మ్‌నగర్‌లో షూటింగు. ఏడింటికల్లా మేకప్‌కి కూర్చోవాలి. అందుకని స్టూడియోలోనే ల్యాబువాళ్ల గాజు సీసాలో పట్టి, మేకప్ గది ఫ్రిజ్‌లో పెట్టాను. భోజనాల వేళ ఇచ్చి వద్దామనుకున్నాను. సీసా మీద నా పేరు, లోపలున్నది ఏమిటో రాసిన చీటీ ఉంది. ఎవరైనా చూస్తే తల ఎక్కడ పెట్టుకోను? గోటితో గీకేశాను. జబ్బుమనిషని తెలిస్తే మేనేజర్లు కబురు చేయడం కూడా మానేస్తారు.

సినిమాలో తాగేది విస్కీ కాదండీ, పాలు లేని టీ డికాషన్. సెట్టు సామాను చూసే వీరయ్య దాన్ని వడగట్టి, సీసాలో పోసి అదే ఫ్రిజ్‌లో పెడతాడు. పదకొండింటికి విలన్ తాగే సీను. వీరయ్య పొరపాటున నా సీసా తీసి గ్లాసులో పోశాడు. వంటమనిషి వేషంలో ఆ గ్లాసు పట్టుకెళ్లి ఇచ్చింది నేనే. అది నాదని అప్పటికి నాకు తెలియదు.

విలన్ వేషం వేస్తున్న వీరరాఘవయ్య గారు గుక్కెడు మింగి, డైలాగు పూర్తిగా చెప్పి, డైరెక్టరుగారు ఓకే అన్నాకే వాంతి చేసుకున్నారు. పెద్ద నటుడు. ఆయన కాళ్లు మొక్కినా నా పాపం పోదు.

"ఏం పోశావురా" అని మేనేజరు అడిగితే వీరయ్య, "ఫ్రిజ్‌ల ఉన్న డికాషనే పోసిన సార్. రంగు మంచిగ కుదిరిందని ఖుషీ గూడ అయిన" అన్నాడు. అప్పుడు అర్థమైంది. మంచి ఆరోగ్యం ఉన్న మనిషికి ఆ రంగు రాదు.

విషం కలిపాడని వీరయ్యను మీ జీపెక్కించారు. నేను అక్కడే ఉన్నాను. ఆ సీసా నాదని చెప్పలేదు. ఎక్కుతూ, "అక్కా, జర మా ఇంట్ల చెప్పుండ్రి" అన్నాడు. బోరబండ వెళ్లి అతని భార్య ఎల్లమ్మకు చెప్పాను. అక్కడా సీసా సంగతి చెప్పలేదు. ఆవిడ ఏడుస్తూనే నాకు టీ పెట్టింది. పాలు లేక డికాషనే ఇచ్చింది. తాగలేక కింద పెట్టేశాను.

వీరయ్య తప్పేమీ లేదు. అతన్ని వదిలేయండి. సీసాలో మిగిలింది విషం పరీక్షకు పంపుతున్నామని ఎస్సై గారు చెప్పారు. విషం ఉండదండీ. పంపేటప్పుడు దాని మీద నా పేరు రాయండి. డాక్టరుగారు చూడమన్నది కూడా వాళ్లు చూస్తారేమో అడగండి.

రాసింది చదివి వినిపించారు. నేను చెప్పినట్టే ఉంది. అంతా నిజం, దాచింది ఇంకేమీ లేదు.

(సంతకం) పెనుమాక అమ్మాజీ